ఏం వెలగబెట్టారు సార్!

షార్ట్ సర్క్యూట్. సికింద్రాబాద్‌లో ఏది కాలినా కారణం ముందే రాసిపెట్టి ఉంటుంది. ఫైరింజన్ గల్లీ మలుపు తిరక్కముందే టీవీలో 'ప్రాథమిక అంచనా' పరిగెడుతుంది. పాపం, కరెంటు తీగకు నోరు లేదు, వకీలూ లేడు. సరే, రవ్వ దాని పాపమే అనుకుందాం. ఆ రవ్వకు విస్తరి వేసి వడ్డించిందెవరు? ప్లైవుడ్ పార్టిషన్లు, గోడ నిండా చెక్క పలకలు, నెత్తిమీద ఫాల్స్ సీలింగు... ఇవన్నీ కూడా కరెంటు తీగే బిగించిందా?

2022 జనవరి 16. సంక్రాంతి సెలవుల్లో, తెల్లవారకముందే సికింద్రాబాద్ క్లబ్ తగలబడింది. 1878 నాటి క్లబ్బు. సభ్యత్వం కోసం ఏళ్ల తరబడి వరుస కట్టే క్లబ్బు. కలప విరివిగా వాడిన పాత కట్టడం కాబట్టి మంటలు వేగంగా పాకాయన్నారు. ఎవరికీ ప్రాణాపాయం లేదు, అంతవరకూ అదృష్టం. నగరం పెద్దలంతా నిట్టూర్చారు. బార్ గురించి, లైబ్రరీ గురించి, డ్యాన్సు హాలు గురించి పత్రికల నిండా తీపి గుర్తులు. ఇన్ని గుర్తుచేసుకున్న పెద్దమనుషుల్లో ఆ దూలాలకు నిప్పు అంటకుండా ఏ మందు పట్టించారని గట్టిగా అడిగిన గొంతు ఒక్కటైనా వినబడిందా?

సరిగ్గా 66 రోజులకు, మార్చి 23న, బోయిగూడ. టింబర్ డిపోల పేట. తుక్కు గోదాం అంటుకుంది. పైన నిద్రపోతున్న బిహార్ కూలీలు 11 మంది చనిపోయారు. ఒక్కడు దూకి బతికాడు. దిగడానికి ఉన్నది ఒకే ఒక ఇరుకు మెట్ల దారి. వీళ్ల గురించి తీపి గుర్తులు ఎవరు రాస్తారు? వీళ్లు ఏ క్లబ్బు సభ్యులు?

బోయిగూడ వాళ్ల సంవత్సరీకం ఇంకా రానేలేదు. ఈలోపే సెప్టెంబరులో రూబీ హోటల్లో మంటలు, 8 మంది బలి. జనవరిలో నల్లగుట్ట దక్కన్ మాల్. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్, ఆరుగురు. బోయిగూడ మృతులకు రాష్ట్రం 5 లక్షలు ప్రకటించింది, రూబీ వాళ్లకు 3, స్వప్నలోక్ వాళ్లకు మళ్లీ 5. ఇదేం లెక్కో చెప్పండి. పొగకు ఒక రేటు, సెగకు ఒక రేటా?

ఇంతకీ చెక్కను నిప్పు నుంచి కాపాడటం బ్రహ్మవిద్యా? అస్సలు కాలని కలప లేదు. ఆలస్యంగా కాలే కలప ఉంది. చెక్క వేడెక్కితే లోపలి నుంచి వాయువులు తన్నుకొస్తాయి, భగ్గుమనేది అవే. ఫాస్ఫేటు లవణాలు పట్టించిన చెక్కలో ఆ వాయువులు తగ్గుతాయి, నీటి ఆవిరీ బొగ్గూ పెరుగుతాయి. పైన కట్టిన ఆ బొగ్గు పొరే లోపలి చెక్కకు కాపలా. ఫ్రాన్సు రాజు అడిగితే నాటకశాలల గుడ్డలు అంటుకోకుండా అమ్మోనియం ఫాస్ఫేటు, వెలిగారం పట్టించవచ్చని గే-లుసాక్ అనే శాస్త్రవేత్త తేల్చింది 1821లో. అప్పటికి హైదరాబాద్ నిజాం సికిందర్ జా ఇంకా గద్దె మీదే ఉన్నాడు!

సరుకు దొరకదంటారా? వెలిగారం కంసాలి దగ్గర ఉంటుంది. బోరిక్ పౌడర్‌ను పిల్లలు క్యారమ్ బోర్డు మీద చల్లుకుంటారు. అమ్మోనియం ఫాస్ఫేటు అంటే రైతు మోసే డీఏపీ బస్తా కులానిదే. గల్లీలో ఉంది, పొలంలో ఉంది. గోదాంలోనే లేదు.

అలాగని కుంచెతో పైపైన పులిమితే పని కాదు. ఇనుప సిలిండర్లో పెట్టి, గాలి లాగేసి, ఒత్తిడితో చెక్క గుండెల్లోకి ఎక్కించాలి. వానకు తడిస్తే ఈ లవణాలు కరిగి కారిపోతాయి కూడా, ఎక్కడ వాడాలో తెలిసి వాడాలి. కలపకు మందు పట్టించే ఈ విద్యలో లోకానికి పాఠం చెప్పినవాడు మన తెలుగువాడే. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంఠి కామేశం. 1930లలో ఆయన చేసిన రాగి-క్రోమియం-ఆర్సెనిక్ మందు దేశదేశాల స్తంభాలకు ఎక్కింది. అది చెదలకూ కుళ్లుకూ మందు, నిప్పుకు కాదు. ఆర్సెనిక్ భయంతో తర్వాత అమెరికాలో ఇళ్ల కలపకు దాన్ని మానేశారు, అది వేరే కథ. ఆయన పాఠంలో మనం నేర్చుకున్నది సగమే. చెదలకు గ్యారంటీ కార్డు అడుగుతాం. మంటకు అడగం.

అడిగి చూడండి. "అన్నా, ఫైర్ రిటార్డెంట్ ప్లైవుడ్ ఉందా?" "ఆర్డర్ మీద తెప్పియ్యాలె సార్, రేటెక్కువ. మామూలుదే ఏస్కోండ్రి, ఏం గాదు." ఏం గాదు! మన అసలు భవన నిర్మాణ నిబంధన ఈ రెండు మాటలే.

ప్రమాణం లేక కాదు. ఐఎస్ 5509 అని భారతీయ ప్రమాణమే ఉంది. పరీక్షలో ఆ ప్లైవుడ్ ముక్క బరువు 30 శాతం నుంచి 70 శాతం దాకా తరగడానికి కనీసం 20 నిమిషాలు పట్టాలి. మందు కొనిపెట్టేది ఈ నిమిషాలనే. నిద్ర లేచి, పక్కవాణ్ని తట్టి, కిందికి ఉరకడానికి. మెట్లంటూ ఉంటే.

చట్టం? ఉంది. 1999 నాటిది. వాణిజ్య భవనం 15 మీటర్లు దాటితే అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ కావాలి. మరి దాటకపోతే? అగ్నిదేవుడు టేపు పట్టుకుని వస్తాడా? "పద్నాలుగు మీటర్లే, ఇంకోసారి వస్తాలే" అని వెనక్కి మళ్లుతాడా?

నిప్పు మీద సర్కారుకు కోపం రాదని అనకండి. వస్తుంది. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ ఆఫీసులో ఫైళ్లు కాలాయి. మర్నాడే డీజీపీ హెలికాప్టర్లో దిగారు. కాలింది కాగితం మరి! అది ఆంధ్ర, ఇది తెలంగాణ అంటారా? కాగితం మీది మక్కువ మాత్రం ఇంకా పంచుకోని ఉమ్మడి ఆస్తి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు. కరపత్రాలు, సైరన్లు, బకెట్ల ప్రదర్శన. ఈసారి శాలువా కప్పించుకునే ముందు ఒక్క నిమిషం వంగండి సార్. మీరు నిలబడ్డ వేదిక ప్లైవుడ్‌ను తిరగేసి, వెనకాల 5509 ముద్ర ఉందేమో చూడండి. లేకపోతే ఉపన్యాసం కాస్త త్వరగా ముగించండి.