ఆల్ట్ ఆత్మకథ

బొమ్మ కనబడని చోట దానికి బదులుగా పలికే మాటల పేరు ఆల్ట్. వెబ్ పేజీలో ప్రతి బొమ్మ వెనకా, హెచ్‌టీఎంఎల్ కోడ్‌లో, దానికొక చోటు ఉంటుంది. మామూలుగా చూపున్నవారి కంట అది పడదు. చూపులేనివారి ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంది. తన కథ తానే చెప్పుకుంటున్నా ఆల్ట్ ‘నేను’ అనదు. దానికి సొంత గొంతు లేదు. ఇంకో యంత్రం చదివితేనే అది ఉన్నట్టు.

పుట్టుక గురించి చెప్పుకోవాల్సింది కొద్దిగానే. 1995లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 2.0లో ఆల్ట్ ఉంది, కానీ రాసితీరాలన్న నియమం లేదు. టెలిఫోన్ తీగ మీద నెట్ నత్తనడక నడిచే ఆ రోజుల్లో బొమ్మ రాకముందే ఆల్ట్ మాటలు వచ్చి కూర్చునేవి. కళ్లున్నవాళ్లు కూడా వాటిని చదువుకునేవారు. 1997 డిసెంబరులో హెచ్‌టీఎంఎల్ 4.0 దాన్ని తప్పనిసరి చేసింది. 1999 మేలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం వెబ్‌ను అందరికీ అందుబాటులో ఉంచే మార్గదర్శకాలు వెలువరించింది. వాటిలో మొట్టమొదటిది, బొమ్మకు బదులు మాట ఉండాలన్నదే. 2023 అక్టోబరు నాటి 2.2 కూర్పులోనూ 1.1.1 అంకె దానిదే. ఇన్నేళ్లుగా ఆ మొదటి పీట తనదే కావడం ఆల్ట్‌కు గర్వం.

మార్గదర్శకాన్ని పక్కన పెట్టేయవచ్చు, చట్టాన్ని పెట్టలేరు. ఆ తేడా లోకానికి తెలిసిన రోజు 2000 ఆగస్టు 24. సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైట్‌లో బొమ్మలకు ఆల్ట్ లేదనీ, ఫలితాల పట్టికలు తనకు అందడం లేదనీ బ్రూస్ మగ్వైర్ అనే అంధుడు అంతకుముందే ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. సరిదిద్దడం తలకు మించిన ఖర్చని నిర్వాహకులు వాదించారు. ఆ రోజున కమిషన్ ఆ వాదనను ఒప్పుకోలేదు. 1992 నాటి వైకల్య వివక్ష చట్టం కింద ఇది వివక్షేనని తేల్చి, క్రీడలు మొదలయ్యే సెప్టెంబరు 15 కల్లా సరిచేయమంది. ఆదేశం పూర్తిగా అమలు కాకపోవడంతో నవంబరులో 20,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం విధించింది. కోడ్‌లో ఎవరికీ కనబడని నాలుగు మాటల కోసం ఒక మనిషి అంతదూరం పోరాడారన్నది ఆల్ట్ మరిచిపోలేని సంగతి.

అమెరికాలో దారి ఇంకాస్త మెలికలు తిరిగింది. 1990 నాటి వికలాంగుల చట్టంలో వెబ్‌సైట్ అన్న మాటే లేదు. అది వర్తిస్తుందా లేదా అన్నది కోర్టులే తేల్చాల్సి వచ్చింది. టార్గెట్ దుకాణాల సైట్‌పై అక్కడి అంధుల సమాఖ్య 2006లో వేసిన దావా 2008లో 60 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. యూరోపియన్ యూనియన్ ఆ చిక్కు లేకుండా నేరుగా చట్టంలోనే రాసుకుంది. 2025 జూన్ 28 నుంచి ఆన్‌లైన్ అమ్మకాలు, బ్యాంకు సేవలు, ఈ-పుస్తకాలు అందరికీ అందేలా ఉండాల్సిందే. పదిమంది కన్నా తక్కువ సిబ్బందితో, ఏటా 20 లక్షల యూరోలు మించని వ్యాపారంతో సేవలందించే చిన్న సంస్థలకు మాత్రం మినహాయింపు ఉంది.

భారతదేశంలో దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైంది. డిజిటల్ సమాచారం అందుబాటులో ఉండాలని 42వ సెక్షన్ చెబుతుంది. సేవలందించేవారు ప్రభుత్వమైనా ప్రైవేటైనా నియమాలు వచ్చిన రెండేళ్లలో వాటికి లోబడాలని 46వ సెక్షన్ అంటుంది. ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా. మాట గట్టిదే, కానీ ఆ చట్టం కింద రాసిన నియమాల్లో పట్టు సడలింది. ఆ లోపాన్ని ఎత్తిచూపడంలో హైదరాబాద్‌కు పాలుంది: నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదికను ముందుంచుకుని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న, రాజీవ్ రతూరీ అనే అంధుడు వేసిన కేసులో, 15వ నియమంలోని మొదటి భాగం చట్టానికి విరుద్ధమని కొట్టివేసింది. సలహాలు కాదు, తప్పనిసరి ప్రమాణాలు కావాలంది. 2025 ఏప్రిల్ 30న ఇంకో అడుగు పడింది. ఖాతాదారు గుర్తింపును తేల్చే ఆన్‌లైన్ కేవైసీలో కన్ను ఆర్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, సెల్ఫీ తీసుకోలేని ఒక అంధుడు వేసిన కేసుల్లో, డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని కోర్టు తేల్చింది.

అందుబాటు ప్రమాణాలు ఆల్ట్ ఒక్కదానివే కావు. మౌస్ లేకుండా కీబోర్డుతోనే పని జరగాలి, మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలి, వీడియో మాటలు కింద అక్షరాల్లో రావాలి. తరచూ మరిచేవాటిలో ఆల్ట్ ఒకటి.

చీరలు అమ్మే సైట్ తెరిచినామెకు స్క్రీన్ రీడర్ ఏం వినిపిస్తుంది? ఆల్ట్ లేకపోతే చాలాసార్లు ఫైలు పేరు: ‘ఐఎంజీ అండర్‌స్కోర్ 2034 డాట్ జేపీజీ’. తర్వాతి చీర 2035. ధర కూడా ఫొటో మీదే అచ్చయి ఉంటే అదీ అందదు. ఒక్కోచోట ‘ఇమేజ్’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఇంకోచోట వెతుకులాటలో పైకి రావాలని ‘పట్టు చీర పెళ్లి చీర తక్కువ ధర చీర’ అని కుక్కుతారు. ఆమె అదంతా ప్రతి బొమ్మకూ వినాలి. ‘ముదురాకుపచ్చ నూలు గద్వాల చీర, ఎర్రటి పట్టు అంచు, జరీ కొంగు’ అని రాస్తే చాలు. రాయడానికి అర నిమిషం పట్టదు. బొమ్మే బటన్ అయినప్పుడు రూపం కాదు, పని చెప్పాలి: ‘భూతద్దం’ అని కాదు, ‘వెతుకు’ అని.

ఉత్త అలంకారానికి పెట్టిన తీగకో గీతకో ఆల్ట్‌ను ఖాళీగా ఉంచమని ప్రమాణాలే చెబుతాయి. కొటేషన్ గుర్తులు పెట్టి మధ్యలో ఏమీ రాయకపోతే స్క్రీన్ రీడర్ ఆ బొమ్మను దాటేస్తుంది. అక్కడ మౌనమే సరైన పని, అందులో ఆల్ట్‌కు చిన్నతనం లేదు. దాన్ని ఎక్కువగా నొప్పించేది, ఈ వెసులుబాటును తప్పించుకునే దారిగా వాడటం. మామూలు తనిఖీ సాఫ్ట్‌వేర్ ఆల్ట్ ఉందా లేదా అన్నదే చూడగలదు, అందులో ఉండాల్సిన మాట ఉందో లేదో తేల్చలేదు. అందుకని ఉన్న బొమ్మలన్నిటికీ ఖాళీ గుర్తులు తగిలిస్తారు. తప్పుల జాబితా ఖాళీ అవుతుంది, సైట్ నెగ్గినట్టు నివేదిక వస్తుంది. గద్వాల చీర దగ్గర స్క్రీన్ రీడర్ ఆగకుండా తర్వాతి వరుసకు వెళ్లిపోతుంది. అక్కడ ఒక చీర ఉందని వింటున్నామెకు తెలియనే తెలియదు.