అర్ధరాత్రి ఆటవెలది: టీకా తాత్పర్య సహితం

మూలం

ఆ.వె.
ఇప్పుడే కదండి యింతలో లేచింది
ఆకలేమొ, గ్యాసొ, యడుగు తడిసొ
మీరు చూడరాదె మెలకువే గద మీకు
నేను లేచి లేచి నీరసిస్తి.

అవతారిక

ఇది చాటువు. చెప్పినది ఒక బాలింత. కాలం రాత్రి రెండున్నర దాటాక. స్థలం హైదరాబాదులో కూకట్‌పల్లి వైపు ఒక ఫ్లాటు. శ్రోత, పక్కనే దుప్పటి ముసుగేసుకున్న భర్త.

కోలాచలం మల్లినాథ సూరి, అంటే మన మెదక్ జిల్లా కొల్చారం ఆయనే, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చాడు. నెలల పిల్ల ఉన్న ఇంట్లో అక్కర్లేనిది చెప్పకుండా ఉండగలిగినవాళ్ళు ఇంతవరకు పుట్టలేదు. కాబట్టి ఈ వ్యాఖ్యాత ఆ ప్రతిజ్ఞలో మొదటి సగమే పాటిస్తాడు.

ఈ పద్యానికి పూర్వవ్యాఖ్యలు మూడు. తెనాలి నుంచి వచ్చి పురుడు వెళ్ళదీసి వెళ్ళిన అమ్మమ్మగారి ‘అమ్మమ్మీయం’. ఫోనులో మాత్రమే లభించే ‘నానమ్మీయం’. పిల్లల డాక్టరుగారు మందుల చీటీ వెనక రాసిచ్చిన ‘డాక్టరీయం’. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పొసగదు.

ప్రతిపదార్థం

అండి = ఓ భర్తా; ఇప్పుడే కద = క్షణము క్రితమే గదా (పడుకొన్నది అని అధ్యాహారము); ఇంతలో = ఇంతలోనే; లేచింది = శిశువు మేల్కొన్నది; ఆకలి ఏమొ = ఆకలి వలననో; గ్యాసొ = కడుపులోని వాయువు వలననో; అడుగు = క్రింది భాగము (డైపరు అని ఫలితార్థము); తడిసొ = తడియుటచేతనో (ఏడ్చుచున్నది అని శేషము); మీరు = తమరు; చూడరాదె = చూడకూడదా; మీకు = తమకు; మెలకువే గద = నిద్ర లేదు గదా; నేను = ఈ చెప్పుచున్న నేను; లేచి లేచి = పలుమార్లు లేచి; నీరసిస్తి = నీరసించితిని.

విశేషాలు

మొదటి పాదంలో ‘పడుకొన్నది’ అనే క్రియ లేదు, మనం తెచ్చి పెట్టుకోవాలి. ఆ ఇంట్లోనూ పరిస్థితి అదే. పుట్టిన పిల్ల రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుందని డాక్టరీయం. ‘ఎక్కడ?’ అని అమ్మమ్మీయం. లెక్క నిజమే. అయితే ఆ గంటలన్నీ చిన్న చిన్న ముక్కలై రాత్రింబవళ్ళ మధ్య చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఇది పగలు, ఇది రాత్రి అని తేల్చే గడియారం పిల్ల ఒంట్లో రెండు మూడు నెలలకు గానీ తిరగదు. అంతవరకు అందరి గడియారాలూ పిల్ల గడియారమే.

రెండో పాదంలో పాఠాంతరాలు అపారం. ‘గ్యాసొ’ అన్నది అమ్మమ్మీయ పాఠం. నానమ్మీయంలో ‘ఆకలేమొ, దిష్టొ’ అని ఉంది. మొదటి పాఠం ప్రకారం వస కొమ్ము అరగదీసి నాలుక్కి రాయాలి. రెండో పాఠం ప్రకారం ఉప్పు, ఎండు మిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేయాలి. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టే. డాక్టరుగారు రెండు పాఠాలనూ కొట్టేశారు. వస వద్దు, ఏడాది నిండేదాకా తేనె ముట్టించవద్దు, ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దు, పాలు తాగాక భుజాన వేసుకొని తేన్పు వచ్చేదాకా వీపు నిమరండి అని సిద్ధాంతం చేశారు. ఛందస్సు మాత్రం అందరికీ ఒప్పుకుంది. ఆ చోట ఒక గురువు, ఒక లఘువు ఉంటే చాలు, ఏ బాధైనా ఇముడుతుంది. ఆరు, పది, పద్నాలుగు వారాల నాటి ప్రతుల్లో ‘సూదొ’ అని కనబడుతుంది. పెంటావాలెంట్ వేయించుకొచ్చిన రాత్రులవి. ఆ రాత్రుల్లో టీకా అంటే సూది, తాత్పర్యం అంటే జ్వరం. ఏడో నెల ప్రతుల్లో ‘పళ్ళొ’ అని ఉంది. అదీ గ్రాహ్యమే.

పిల్లల ఏడుపు మీద శాస్త్రం లేకపోలేదు. 1954లో వెసెల్ అనే అమెరికా వైద్యుడు తన తోటివారితో కలిసి మూడు మూళ్ళ సూత్రం కట్టాడు. రోజుకు మూడు గంటలు దాటి, వారంలో మూడు రోజులు దాటి, అలా మూడు వారాలు దాటి ఏడిస్తే అది కోలిక్. సూత్రం కుదిరింది గానీ కారణం ఇప్పటికీ తేలలేదు. ఆరో వారం చుట్టుపక్కల ముదిరి, మూడు నాలుగు నెలలకు దానంతటదే పోతుంది. పోయే సమయానికి ఇంట్లో ఎవరి వైద్యం నడుస్తూ ఉంటే కీర్తి వాళ్ళకు దక్కుతుంది. ఈ ఇంట్లో అది నానమ్మీయానికి దక్కింది. ఆవిడ ఊళ్ళో కూడా లేరు.

‘మీరు’ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఈ దంపతులు పగలు ‘నువ్వు’ అనే పిలుచుకుంటారు. అర్ధరాత్రి వేళ హఠాత్తుగా ‘అండి’, ‘మీరు’, ‘మీకు’ అని మూడుసార్లు మన్నన ఎందుకొచ్చింది? మన ఇళ్ళలో భార్య కోపానికి పరాకాష్ఠ గౌరవం. తెలియని అల్లుళ్ళుంటే మామగార్లను అడిగి తెలుసుకోవచ్చు. పైగా ‘నీవు చూడరాదె మెలకువే’ అంటే యతి చెడుతుంది. అంటే కవయిత్రి అంత నిద్రమత్తులోనూ యతి తప్పలేదు. నాయకుడు భయపడవలసినది ఇందుకే.

ఇక ‘మెలకువే గద మీకు’. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ముసుగు కింద ఉన్నవాడు మేలుకొని ఉన్నాడని చీకట్లో కవయిత్రికి ఎలా తెలిసింది? ప్రత్యక్షం కాదు, అనుమాన ప్రమాణం. కొండమీద పొగను చూసి నిప్పుందని తేల్చే తార్కికుల పద్ధతే. ‘ఇతడు మేలుకొని ఉన్నాడు’ ప్రతిజ్ఞ. ‘గురక ఆగింది కనుక’ హేతువు. ‘ఎక్కడ గురక ఆగునో అక్కడ మెలకువ ఉండును, నిన్న రాత్రి వలె’ ఉదాహరణ. పూర్వపక్షం: గాఢనిద్రలోనూ గురక ఆగవచ్చు గదా? ఆగవచ్చు. కానీ పిల్ల ఏడవగానే ఆగి, తల్లి లేచి లైటు వేయగానే మళ్ళీ మొదలయ్యే గురక నిద్రకు సంబంధించినది కాదు. దుప్పటి సందులోంచి ఫోను వెలుతురు వచ్చిందని ఒక ప్రతిలో ఉంది. అది నిజమైతే ఇంత తర్కంతో పని లేదు.

నాయకుణ్ణి సమర్థిస్తూ అతని ఆఫీసు మిత్రులు కొన్ని టిప్పణులు రాశారు. వాటి సారం రెండు ముక్కలు: పొద్దున్నే డ్యూటీ ఉంది, లేచినా పాలివ్వలేడు. మొదటిది కాదనలేం. ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణతో ఉద్యోగం చేసే తల్లికి, మొదటి ఇద్దరు పిల్లల వరకు, 26 వారాల జీతంతో సెలవు వచ్చింది. తండ్రికి కేంద్ర ప్రభుత్వోద్యోగమైతే 15 రోజులు. ఈ నాయకుడిలా ప్రైవేటు కంపెనీవాడైతే యజమాని దయ. అతన్ని దుప్పటి కప్పి పడుకోబెట్టడంలో లోకానికీ కొంత వాటా ఉందని ఒప్పుకుందాం. రెండో ముక్క మాత్రం నిలబడదు. పద్యంలో చెప్పిన కారణాలు మూడు. అందులో పాలతో తీరేది ఒక్కటే. గ్యాసుకు కావలసింది భుజం, తడికి కావలసింది డైపరు. భుజం నాయకుడికీ ఉంది. డైపరు అతని వైపు సొరుగులోనే ఉంది. కవయిత్రి తన వంతును ఒక్క మాటతో ముగించి, మిగిలిన పాదమంతా అతనికి వదిలింది. ఇంత ఉదారమైన పంపకాన్ని సణుగుడు అన్న టిప్పణికారులకు చదవడం రాదు.

‘లేచి లేచి’ ఆమ్రేడితం. దీన్ని కొందరు అతిశయోక్తి అన్నారు. తల్లిపాలు తాగే పిల్ల మొదటి వారాల్లో రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతుంది. ఆటవెలది నాలుగో పాదంలో పట్టేవి అయిదు గణాలు. పన్నెండు ‘లేచి’లు పెట్టాలంటే సీసపాదమూ చాలదు. కవయిత్రి రెండుతో సరిపెట్టింది. దీనికి అల్పోక్తి అని పేరు పెట్టాలి.

‘నీరసిస్తి’: నీరసిస్తిని అనాలి. చివరి ‘ని’ అనే ఓపిక లేక జారిపోయింది. పుట్టిన బరువు ఏడాదికి దాదాపు మూడింతలవుతుంది. మొదటి నెలలో మూడు కిలోలు ఎత్తుకున్న చేతులే పన్నెండో నెలలో తొమ్మిది కిలోలు ఎత్తుకుంటాయి. కూలి పెంచినవాళ్ళు లేరు.

రసం: నాలుగో పాదంలో ఆవిడే చెప్పింది.

ద్వితీయార్థం

పింగళి సూరన రామాయణ భారతాలను ఒకే కావ్యంలో నడిపి రాఘవపాండవీయం రాశాడు. అంత పెద్ద పని కాకపోయినా, ఈ పద్యానికీ రెండో అర్థం ఉంది. అది పుట్టినరోజు దగ్గరపడే వరకు ఎవరికీ కనబడలేదు. కవయిత్రికి కూడా.

పన్నెండో నెలలో ఒక మధ్యాహ్నం ఆవిడే ఈ పద్యాన్ని మళ్ళీ చదివింది. ఒక్క అక్షరం మారలేదు. అన్వయం ఇలా మారింది. ఇప్పుడే కదండి = నిన్న మొన్ననే గదా పుట్టినది; ఇంతలో లేచింది = అప్పుడే సోఫా పట్టుకొని నిలబడినది; ఆకలేమొ = మన కంచంలోని అన్నము కొరకో; గ్యాసొ = వంటింట్లోని గ్యాసు పొయ్యి మీటల కొరకో (పోవుచున్నది అని శేషము); అడుగు తడిసొ = బకెట్టులో చెయ్యిపెట్టి ఒలకబోసిన నీళ్ళలో పాదము తడిసినదో ఏమో; మీరు చూడరాదె = వచ్చి ఈ వింత చూడకూడదా; మెలకువే గద మీకు = కళ్ళు తెరిచే ఉన్నవి గదా, ఆ ఫోను పక్కన పెట్టుడు; నేను లేచి లేచి నీరసిస్తి = దాని వెంట పరుగెత్తి పరుగెత్తి అలసితిని.

పడుకోబెట్టమన్న పిలుపే ఇప్పుడు చూడ రమ్మన్న పిలుపు అయింది. నాయకుడు ఈసారి ఒక్క గంతులో వచ్చాడు. అతను వచ్చేసరికి పిల్ల కూర్చుంది. మొదటి అడుగు చూసినది, ఏడాది పొడుగునా లేచిన మనిషే. ఆయనకు వీడియో దక్కింది. అందులోనూ సగం కర్టెనే.

‘అడుగు’ మీద ఇంకొక మాట. తెలుగువాళ్ళ పెంపకం అనుప్రాస మీద నడుస్తుంది. బోర్లాపడితే బొబ్బట్లు, పారాడితే పాయసం, నవ్వితే నువ్వుండలు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. ఈ ఇంట్లో అరిసెలు తెనాలి నుంచి ముందుగానే వచ్చాయి. పిల్ల వాటిమీద నడిచేలోపు రెండుసార్లు పాకంలో అమ్మమ్మగారి చెయ్యి కాలింది. 8వ నెల నుంచి 18వ నెల లోపు ఎప్పుడు నడిచినా ఫరవాలేదని డాక్టరీయం చెబుతున్నా, ఎదురింటి పిల్లవాడు పదో నెలలోనే నడిచాడన్న వార్త అరిసెల పాకాన్ని తొందరపెట్టింది. ఇంత పెద్ద పట్టికలో రాత్రంతా లేవకుండా నిద్రపోయినందుకు పిండివంట ఏదీ లేకపోవడం పూర్వుల లోపం. వాళ్ళ ఇళ్ళలో లేచేందుకు పదిమంది ఉండేవాళ్ళు కాబోలు. ‘పడుకుంటే పాలకోవా’ అని చేర్చాలని ఈ వ్యాఖ్యాత ప్రతిపాదన. యతి కూడా కుదిరింది.

తాత్పర్యం

ఓ భర్తా! పిల్ల ఇప్పుడే పడుకొని ఇంతలోనే లేచినది. ఆకలియో, వాయువో, తడియో తెలియదు. నీవు మేలుకొనియే ఉన్నావు. లే.

గద్య

ఇది నాయకుడి తోడల్లుడు రచించిన వ్యాఖ్య. ఇందులో నాయకుడి పక్షాన ఒక్క వాక్యమైనా లేదని ఆయన అలిగారు. కవయిత్రి చదివి, తడి డైపరు సంగతి ఇంకా రాయవలసిందన్నారు. ఇది ప్రథమాశ్వాసం మాత్రమే. ద్వితీయాశ్వాసం ఎప్పుడని బంధువులు అప్పుడే అడుగుతున్నారు. దయచేసి అడగకండి.