సోమలింగం ఇన్‌కార్పొరేటెడ్

అమెరికాలో, ఫ్రిస్కోలోనో ఫ్రీమాంట్‌లోనో, శనివారం రాత్రి బిర్యానీ ట్రేలు ఖాళీ అయ్యాక ఈ కథ మొదలవుతుంది. "అన్నా, ఓ ఐడియా ఉంది. ముందు ఎన్‌డీఏ మీద సంతకం పెట్టు." పెట్టాక తెలుస్తుంది, అది ఇండియన్ కిరాణాకి ఏఐ అని. ఆ ఏఐ ఏం చేస్తుందో ఇంకా తేలలేదు గానీ తక్కినవన్నీ తేలిపోయాయి. లోగో అయింది. డాట్ ఏఐ డొమైన్ కొన్నారు. ఆ రుసుము కరీబియన్ సముద్రంలోని ఆంగ్విల్లా దీవికి చేరుతుంది. ఈ స్టార్టప్ నుంచి ఆదాయం పొందిన మొదటి ప్రభుత్వం అదే.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న పెద్దలు పాపం పేరు దగ్గరే ఆగిపోయారు. మనవాళ్ళు సోమలింగం ఆస్తి కూడా పంచేశారు. ఒకరికి 60 శాతం, ఇంకొకరికి 40, వాటా చేతికొచ్చేందుకు నాలుగేళ్ళ వెస్టింగ్, ఏడాది క్లిఫ్. సున్నాలో అరవై శాతం ఎంతో తెలియని వాళ్ళేం కాదు, ఇద్దరూ ఇంజనీర్లే. అయినా ఆ ఇరవై శాతం తేడా మీద కొన్నాళ్ళు మాటల్లేవు. హెచ్1బీ మీద ఉంటూ సొంత కంపెనీలో పనిచేయడం తలనొప్పి కాబట్టి, హెచ్4 ఈఏడీ అనే పని అనుమతి ఉన్న వదినగారిని కాగితాల మీద సీఈఓని చేశారు. ఆవిడకి ఇంకా చెప్పలేదు.

కంపెనీ మాత్రం డెలావేర్‌లోనే రిజిస్టరవ్వాలి. అక్కడి విల్మింగ్టన్‌లో 1209 నార్త్ ఆరెంజ్ స్ట్రీట్ అనే ఒక్క చిన్న భవనం 2 లక్షలకు పైగా కంపెనీలకు చిరునామా. సోమలింగానికి అక్కడ ఇరుకేం కాదు. కోటి షేర్లు రాయించారు. కోటి ఎందుకంటే అందరూ రాయిస్తారని. తర్వాత ఫ్రాంచైజ్ ట్యాక్స్ నోటీసు వచ్చింది: 85,165 డాలర్లు. గుండె ఆగినంత పనయ్యాక ఎవరో చెప్పారు, ఇంకో పద్ధతిలో లెక్కేస్తే 400 డాలర్లతో పోతుందని. కంపెనీ చరిత్రలో ఇప్పటివరకూ నిజంగా పరిష్కారమైన సమస్య ఇదొక్కటే.

స్లైడ్లు చూడాలి. అమెరికాలో భారతీయులు దాదాపు 50 లక్షలు, "ఒక్క శాతం వచ్చినా చాలన్నా!" ఆ ఒక్క శాతంలో ఒక్కరి పేరు చెప్పవయ్యా అంటే మా బావ అన్నాడు. బావ కాస్ట్‌కోలో కొంటాడు.

ఇన్ని స్లైడ్లెందుకంటే, ప్లాన్ లేకుండా ఎలా అంటారు. క్విబీ అనే వీడియో యాప్‌కి ప్లాన్ తక్కువైందా? హాలీవుడ్ దిగ్గజం జెఫ్రీ కాట్జెన్‌బర్గ్, ఈబేని నడిపిన మెగ్ విట్‌మన్ కలిసి 175 కోట్ల డాలర్లు పోగేశారు. జనం బస్సుల్లో, క్యూల్లో ఫోన్ మీద పది నిమిషాల ఎపిసోడ్లు చూస్తారని అంచనా. 2020 ఏప్రిల్ 6న మొదలుపెట్టారు. అప్పటికి బస్సూ లేదు, క్యూ లేదు, జనమంతా ఇళ్ళలో టీవీల ముందున్నారు. టీవీలో చూసే వీలు క్విబీ మొదట్లో పెట్టలేదు. అక్టోబరులో దుకాణం కట్టేస్తున్నామన్నారు.

మరోవైపు, 2013లో కొందరు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు పాలో ఆల్టో హోటళ్ళ మెనూల పీడీఎఫ్‌లు, ఒక ఫోన్ నంబరూ ఒక పేజీలో పెట్టి కూర్చున్నారు. ఫోన్ మోగితే వాళ్ళే కారేసుకెళ్ళి పొట్లం ఇచ్చొచ్చారు. డోర్‌డాష్ అలా మొదలైంది. మనవాళ్ళకి ఈ కథ కంఠతా వచ్చు, పదకొండో స్లైడులో ఉంది.

మరి మీ ప్రోడక్ట్ ఎప్పుడని అడిగాను. "క్యూ3లో అన్నా." ఏ సంవత్సరమో స్లైడులో లేదు.