పాలిష్

2007 జనవరి 12, శుక్రవారం. వాషింగ్టన్‌లో జనం ఆఫీసులకు పరుగులు పెట్టే పొద్దుటి వేళ. లాన్‌ఫాంట్ ప్లాజా మెట్రో స్టేషన్ దగ్గర, చెత్తబుట్ట పక్కన గోడవారగా, జీన్స్ తొడుక్కుని బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న ఒకాయన ఫిడేలు బయటికి తీశాడు. పెట్టె తెరిచి కాళ్ల ముందు పెట్టాడు. బోణీకి తన జేబులోంచే కాస్త చిల్లర అందులో వేసుకున్నాడు. కమాను ఎత్తి బాఖ్ 'చకోన్' మొదలుపెట్టాడు. పక్కవాద్యం ఏదీ లేకుండా, నాలుగు తీగల మీదే పావుగంట పాటు ఒక లోకాన్ని నిలబెట్టే రచన అది. ఫిడేలు పట్టినవాళ్లకు దాన్ని మించిన పరీక్ష లేదని నా నమ్మకం.

ఆయన జాషువా బెల్. ప్రపంచంలోని పెద్ద పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలు ముందు వరసలో నిలబెట్టుకుని వెనక వాయించే సోలోయిస్టు. మూడు రోజుల ముందే బోస్టన్ సింఫనీ హాలు ఆయన కోసం నిండిపోయింది. ఓ మోస్తరు సీటుకే 100 డాలర్లు.

ఇదంతా 'వాషింగ్టన్ పోస్ట్' పత్రిక చేయించిన పరీక్ష. ముందుగా వాళ్లు ఆ ఊరి నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రాకు అప్పట్లో సంగీత దర్శకుడిగా ఉన్న లెనార్డ్ స్లాట్కిన్‌ని అడిగారు, గొప్ప విద్వాంసుడొకడు ఇలా వీధిలో వాయిస్తే ఏమవుతుందని. వెయ్యి మందిలో 35, 40 మంది ఆ వాయిద్యం విలువ పసిగడతారనీ, 75 నుంచి 100 మంది ఆగి వింటారనీ, 150 డాలర్ల దాకా రాలతాయనీ ఆయన అంచనా.

43 నిమిషాల్లో 1,097 మంది దాటిపోయారు. కాసేపైనా ఆగినవాళ్లు ఏడుగురు. పెట్టెలో పడింది 32 డాలర్ల 17 సెంట్లు. ఇంకో 20 డాలర్లు వేసినావిడ ఉంది గానీ, ఆవిడ ఆయన్ని గుర్తుపట్టింది. అంతకు మూడు వారాల ముందు ఒక ఉచిత కచేరీలో చూసిందట. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్న తపాలా ఉద్యోగి ఒకాయన మాత్రం, వాయించేదెవరో తెలియకపోయినా, తొమ్మిది నిమిషాలు కదలకుండా నిలబడ్డాడు. ఇక పిల్లలు. ఆ దారిన వచ్చిన ప్రతి పసివాడూ ఆగబోయాడు. ప్రతి పసివాణ్నీ పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. ఈ కథ మొత్తంలో నన్ను కలచివేసేది ఇదే.

ఈ కథ నేనూ చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ వెయ్యిమంది మీద కోపం తెచ్చుకున్నాను. ఆ కోపం తగ్గింది ఫిడేలు కథ తెలిశాక.

ఆ రోజు బెల్ చేతిలో ఉన్నది ఫిడేళ్ల తయారీలో పేరు మోసిన స్ట్రాడివారి 1713లో చేసిన ఫిడేలు. 'గిబ్సన్' అంటారు. ఒకప్పుడు అది పోలెండ్‌లో పుట్టిన బ్రోనిస్లావ్ హుబెర్‌మన్‌ది. పదమూడేళ్ల వయసులో, వియన్నాలో, సాక్షాత్తూ స్వరకర్త బ్రామ్స్ ఎదుట బ్రామ్స్ కన్చెర్టోనే వాయించి ఆ పెద్దాయన మనసు కరిగించినవాడు హుబెర్‌మన్. హిట్లర్ వచ్చాక, యూరప్ ఆర్కెస్ట్రాల్లో నిలువనీడ లేకుండా పోయిన యూదు వాద్యకారుల్ని దాదాపు 70 మందిని ఏరి, కుటుంబాలతో సహా దాటించి, పాలస్తీనా ఆర్కెస్ట్రా స్థాపించాడు. ఆ ఆర్కెస్ట్రా మొదటి కచేరీ 1936 డిసెంబరులో జరిగింది. అదే ఏడాది ఫిబ్రవరి 28న ఆయనకు ఒక దెబ్బ తగిలింది. న్యూయార్క్ కార్నెగీ హాల్లో తన రెండో ఫిడేలు, గ్వార్నేరి, వాయిస్తూ ఉండగా లోపల గదిలో పెట్టిన గిబ్సన్ మాయమైంది. బీమా వాళ్లు 30,000 డాలర్లు ఇచ్చారు. ఫిడేలు దొరకలేదు. దాన్ని మళ్లీ కళ్ల చూడకుండానే 1947లో ఆయన వెళ్లిపోయాడు.

ఫిడేలు చేరింది జూలియన్ ఆల్ట్‌మన్ అనే కుర్ర వాద్యగాడి దగ్గరికి. తనే ఎత్తుకొచ్చానని ఒకసారి, ఎవరి దగ్గరో 100 డాలర్లకు కొన్నానని ఒకసారి చెప్పాడంటారు. గుర్తుపట్టకుండా దాని మీద బూట్ పాలిష్ పూశాడు. హోటళ్లలో వాయించాడు, విందుల్లో వాయించాడు. దాక్కోలేదు కూడా. ఆ పాలిష్ పూసిన స్ట్రాడివారితోనే వెళ్లి ఒక సింఫనీ ఆర్కెస్ట్రాలో కూర్చున్నాడు. అది ఏ ఊరిదో కాదు, వాషింగ్టన్ నేషనల్ సింఫనీ. పక్క కుర్చీలో వయొలిన్, వెనక వయొలిన్, ఎదురుగా కండక్టరు. జీవితమంతా నాదం వినడమే పనిగా పెట్టుకున్న చెవులన్నీ ఆ నల్లటి పూత దగ్గరే ఆగిపోయాయి. వాళ్లకే అందనిది, రైలు దిగి తొమ్మిదింటికల్లా కుర్చీలో ఉండాల్సిన గుమస్తాకు అందాలనడం న్యాయమేనా?

దాదాపు యాభై ఏళ్లు అలా గడిచాయి. 1985లో, చావు ముంగిట, ఆల్ట్‌మన్ భార్యకు నిజం చెప్పాడు. ఫిడేలు పెట్టెలో ఆ దొంగతనం గురించిన పాత పత్రికల ముక్కలు దొరికాయి. ఫిడేలు బీమా సంస్థకు చేరింది, నిపుణులు ఓపిగ్గా పూత వదిలించారు, 2001లో 35 లక్షల డాలర్ల పైచిలుకు పెట్టి బెల్ కొనుక్కున్నాడు. ఆ తర్వాత ఆరో ఏట, ఆ మెట్రో స్టేషన్‌లో దాన్ని బయటికి తీశాడు.

ఆ పొద్దున అక్కడ ఇంకొకావిడ ఉంది. ఆ ఏడుగురిలోనూ లేదు, డబ్బు వేసినవాళ్లలోనూ లేదు. బ్రెజిల్ నుంచి వచ్చి ఆరేళ్లుగా అక్కడే పని చేసుకుంటోంది. వీధి వాద్యగాళ్లంటే ఆవిడకు పడదు. ఆ గోలలో బేరానికొచ్చినవాళ్ల మాట వినపడదు, కూడు పోతుంది. అందుకే పోలీసుల నంబరు ఫోన్‌లో సిద్ధంగా పెట్టుకుంది. పాట మొదలైతే చాలు, ఒక్క మీట నొక్కుతుంది. అక్కడ ఎవరూ ఎక్కువసేపు నిలవరు.

ఆ రోజు మాత్రం 43 నిమిషాలూ ఫోన్ ముట్టుకోలేదు. తర్వాత పత్రిక వాళ్లు అడిగితే, మరీ గట్టిగా వాయించాడని ముందు విసుక్కుంది. చేతిలోని గుడ్డ వంక చూసుకుంది. బాగానే వాయించాడని ఒప్పుకుంది. పోలీసుల్ని పిలవకుండా ఊరుకోవడం అదే మొదటిసారని కూడా చెప్పింది.

ఆవిడ పని బూట్ పాలిష్.