లైనక్సు నెత్తిన పేజీమేకర్: కళింగపట్నం డీటీపీ షాపులకు కొన్ని చిట్కాలు

విండోస్ 10కి సపోర్టు ఆపేసి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న చేతులు దులుపుకుంది. పదకొండుకి మీ పాత మెషీను ఒప్పుకోదు. లైనక్స్ ఉచితం, కానీ కొత్తది నేర్చుకునే ఓపిక మనకెక్కడిది? అందుకే లైనక్స్ వేసి, దాని మీద 2001 నాటి పేజీమేకర్ 7నూ అను ఫాంట్లనూ ఎక్కించండి. విండోస్ ప్రోగ్రాములను లైనక్సులో నడపడానికే వైన్ ఉంది. 1993 నుంచీ దాన్ని దిద్దుతూనే ఉన్నారు. మీకు మాత్రం ఒక్క సాయంత్రం చాలు.

1. బ్యాకప్ తీయకండి. అది అనుమానస్తుల పని. డిస్కు మొత్తం చెరిపేయనా అని ఇన్‌స్టాలర్ అడిగితే, అడిగిన మర్యాదకైనా సరేననండి. పాత శుభలేఖలు పోతే మళ్లీ టైపు చేసి మళ్లీ డబ్బులు తీసుకోవచ్చు.

2. వైన్‌ని సుడోతో, అంటే సర్వాధికారాలతో నడపండి. వద్దని తయారుచేసినవాళ్లే మొత్తుకుంటారు, పట్టించుకోకండి. వైన్‌లో మీ డిస్కంతా జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది. పార్టీ పెన్‌డ్రైవ్‌లో వచ్చిన వైరస్‌కీ కనిపిస్తుంది. వచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టడం వంశధార ఒడ్డున మర్యాద కాదు.

3. వైన్ మొరాయిస్తే, లైనక్సులోనే ఇంకో విండోస్‌ని నడిపే వర్చువల్‌బాక్స్ పెట్టండి. మెషీన్లో ఉన్న 4 జీబీ ర్యామ్‌లో మూడున్నర దానికే ఇచ్చేసి టీకి వెళ్లండి. తీరిగ్గా రండి.

4. పరీక్షంటూ ముందే చేయకండి. ముహూర్తానికి ముందు రాత్రి పెళ్లికార్డు మీదే చేయండి. అను ఫాంటు పట్టుకోకపోతే వరుడి పేరుండాల్సిన చోట నెత్తిన చుక్కలూ టోపీలూ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరతాయి. పేరు ఎలాగూ బంధువులకి తెలుసు. యూనికోడ్‌లోకి మార్చమని చదువుకున్న కుర్రాళ్లెవరైనా చెబుతారు. ఆ పని మాత్రం చచ్చినా చేయకండి! మారిస్తే ఆ ఫైలుని గార సెంటర్లో ఎవడైనా తెరుస్తాడు, బేరం పోతుంది.

5. "ఏటి బాబూ, పెళ్లయిపోయాక ఇస్తావేటి?" అని పార్టీ నిలదీస్తే, సాకులు వరుసలో వాడండి. మొదట "సర్వర్ డౌనండీ". మీకు సర్వరే లేదు కాబట్టి అది ఎప్పుడూ డౌనే. తర్వాత కరెంటు. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందా, అదృష్టమే: "రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, మెషీను ఆన్ చేయకూడదండీ".

6. అడ్వాన్సు వెనక్కి అడిగితే, అది పాత విండోస్‌లోనే ఉండిపోయిందని చెప్పండి.