‘మా అమ్మాయికి గిల్టు పడదండీ’ – వైశాలీ వ్యాఖ్య

మూలం: “మా అమ్మాయికి గిల్టు పడదండీ వదినగారూ! బంగారం తప్ప ఇంకేది పెట్టినా ఒళ్ళు ఒప్పుకోదు.”

అవతారిక: ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ ఆడవాళ్ళే కాబట్టి ఇది అపౌరుషేయమని కొందరంటారు. పెళ్ళిసంబంధాల దగ్గర తండ్రులు కూడా ఇదే మాట, ఇంకాస్త గొంతు పెంచి అంటారు గనుక ఆ వాదం నిలవదు. కర్త తెలియకపోయినా దేశకాలాలు తెలుసు. శ్రావణ శుక్రవారం సాయంత్రం, వైశాలిలో, శనగల వాయనం చేతులు మారుతున్న వేళ ఇది పుడుతుంది.

వైశాలి అనగానే లిచ్ఛవుల రాజధాని అని పండితులు తొందరపడవచ్చు. అది బీహారులో ఉంది. ఆమ్రపాలి అక్కడిది. ఆమె చెవులకు ఏ లోహం పడిందో థేరీగాథలు చెప్పలేదు. మన వైశాలి ఘాజియాబాద్‌లో, ఢిల్లీ మెట్రో బ్లూ లైను కొసన ఉంది. 2011 జూలైలో ఇక్కడిదాకా రైలు వచ్చింది. ఢిల్లీలో ఉద్యోగం, ఇక్కడ కాపురం అనుకున్న తెలుగువాళ్ళు ఆవకాయ జాడీలతోపాటు పై వాక్యాన్ని కూడా తెచ్చుకున్నారు.

వ్యాఖ్యాన పద్ధతి: కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిన కోలాచల మల్లినాథసూరి మన మెదక్ సీమ వాడు. మూలం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాత ఆ ఒట్టులో మొదటి సగం పాటిస్తాడు. రెండో సగం కూడా పాటిస్తే వ్యాఖ్య ఇక్కడే అయిపోతుంది.

ప్రతిపదార్థం తెలుగు వచ్చిన ఎవరికైనా తెలుసు కాబట్టి వదిలేశాం. నేరుగా ధ్వనికి వద్దాం. ఆనందవర్ధనుడు ధ్వనిని వస్తువు, అలంకారం, రసం అని మూడు విధాలు చేశాడు. ఒకే వాక్యంలో మూడూ దొరకడం అరుదు. ఇక్కడ దొరికాయి. వస్తువు దుద్దు. అలంకారమూ ఆ దుద్దే. రసం ఆ పిల్ల చెవి తమ్మె నుంచి కారుతున్న రసి. సహృదయుడు మొదటి రెండూ గ్రహించి “అబ్బో” అంటాడు. మూడోదాన్ని దూదితో తుడుచుకోవాల్సింది పిల్ల ఒక్కతే.

వ్యాఖ్యాతకు కోపం వచ్చేది ఇక్కడే. చర్మవ్యాధిని వంశగౌరవంగా చెప్పుకునే జాతి మరొకటి ఉందో లేదో తెలియదు. అమ్మాయికి దుమ్ము పడదని, పుప్పొడి పడదని ఎవరూ పేరంటంలో ప్రకటించరు. గిల్టు పడకపోవడం మాత్రం పుట్టుకతో వచ్చిన రాచరికం! ఆ ఒంటికి తక్కువ లోహం ఆనదట.

శంక: ఒంటికి నిజంగానే పడదు కదా, అలా చెప్పుకుంటే తప్పేమిటి?

సమాధానం: పడకపోవడం నిజమే. పడనిది గిల్టు కాదు. పైకి కనిపించే పసుపు చాలాసార్లు బంగారం పూతే. అపరాధి దాని కింద దాక్కుని ఉంటాడు. రాగి మీదో ఇత్తడి మీదో నికెల్ పూత, దాని మీద పలచగా బంగారం, ఇదీ పూత నగల్లో తరచు కనిపించే వరస. రాగి పైకి పాకి మెరుపు చెడగొట్టకుండా ఆ మధ్య పొర కాపలా కాస్తుంది. పై పూత అరిగినచోట ఉప్పుచెమట తగిలి నికెల్ కరుగుతుంది, చర్మంలోకి దిగి అక్కడి ప్రొటీన్లకు అంటుకుంటుంది. రక్షణ వ్యవస్థలోని టీ కణాలు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. మొదట్లో ఏమీ తెలియదు. ఒకసారి గుర్తు పడ్డాక మళ్ళీ తగిలితే ఒకటి రెండు రోజులకు దురద, ఎర్రదనం, నీటిపొక్కులు, ఆ తర్వాత నల్లమచ్చ. ఈ జ్ఞాపకం సాధారణంగా జీవితాంతం ఉంటుంది. దీన్ని వైద్యులు నాలుగో రకం అతిస్పందన అంటారు. వెంటనే రాకుండా ఆలస్యంగా రావడం దాని లక్షణం. అందుకే శుక్రవారం పెట్టుకున్న దుద్దుకు ఆదివారం దురద వస్తే, నింద ఆదివారం వండిన వంకాయ మీద పడుతుంది. నిరపరాధి అయిన వంకాయ తెలుగిళ్ళల్లో ఇలా ఎన్ని శిక్షలు అనుభవించిందో!

ఇక ‘బంగారం తప్ప’ అన్న భాగం. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ అని చర్మవైద్యుల సంఘం ఒకటుంది. ఏటా ఒక అలర్జీ కారకాన్ని ఎంచి దానికి ఆ ఏటి కిరీటం పెడుతుంది. నికెల్‌కు ఆ కిరీటం 2008లో దక్కింది. బంగారానికి 2001లోనే దక్కింది. అంటే బంగారం కూడా పడనివాళ్ళున్నారు. వాళ్ళ తల్లులు పేరంటంలో ఏమని చెప్పుకోవాలో శాస్త్రకారులు నిర్దేశించలేదు.

ఈ సందర్భంలో చెవి కుట్టడం గురించి కొంత చెప్పాలి. నికెల్ అలర్జీకి చాలామంది ఒళ్ళు మొదట తలుపు తీసేది అక్కడే గనుక ఇది అప్రస్తుతం కాదు. కొంచెం ఎక్కువైతే పాఠకులు మన్నించాలి.

సుశ్రుత సంహిత సూత్రస్థానంలో పదహారో అధ్యాయం చాలావరకు చెవి గురించే. బిడ్డకు ఆరో నెలో ఏడో నెలో, శుక్లపక్షంలో, మంచిరోజు చూసి దాది ఒడిలో కూర్చోబెట్టి, ఆటవస్తువులతో మురిపిస్తూ కుట్టాలి. మగపిల్లవాడికి ముందు కుడిచెవి, ఆడపిల్లకు ముందు ఎడమచెవి. ఎక్కడ కుట్టాలి? ఎండకు ఎదురుగా పట్టి చూస్తే వెలుగు అవతలికి కనిపించే పలచటి చోట. తమ్మె పలచనైతే సూది, మందమైతే ఆర. నెత్తురు ఎక్కువ వచ్చినా నొప్పి ఎక్కువైనా చోటు తప్పిందని అర్థం. కాలిక, మర్మరిక, లోహితిక అనే మూడు సిరలను తప్పించాలి. వాటికి తగిలితే వచ్చే జ్వరాలూ వాపులూ వేర్వేరుగా చెప్పాడు. ఇంత చెప్పిన మహానుభావుడు కుట్టిన రంధ్రంలో ఏం పెట్టమన్నాడు? పత్తి వత్తి. పచ్చి నూనెతో తడుపుతూ, మూడేసి రోజులకోసారి కాస్త లావుపాటి వత్తి మారుస్తూ పోవాలి. గాయం మానాకే నగ. మన పల్లెల్లో వేపపుల్ల గుచ్చే పద్ధతి కూడా ఈ కోవలోదే. పచ్చిపుండులో పరాయి లోహం ఉండకూడదన్న ఇంగితం రెంటిలోనూ ఉంది.

ఇప్పుడు? బజార్లో ఒక తుపాకీ, అందులో చవక లోహపు దుద్దు. క్షణంలో పని అయిపోతుంది. లోపలి మాంసం పచ్చిగా ఉండగానే దుద్దు కాడ వారాలపాటు అక్కడే నానుతుంది. టీ కణాలకు శత్రువును పరిచయం చేయడానికి ఇంతకన్న మంచి ముహూర్తం దొరకదు. సుశ్రుతుడు వత్తి పెట్టమన్నచోట మనం నికెల్ పెట్టి, పుండుపడ్డాక “మా పిల్లది బంగారు ఒళ్ళు” అంటున్నాం!

అసలు విషయానికి వద్దాం. వచ్చే ముందు జర్మన్ సిల్వర్ సంగతి ఒకటి మిగిలిపోయింది. వరలక్ష్మీ వ్రతానికి పళ్ళేలు, కుంకుమ భరిణెలు, రిటర్న్ గిఫ్టులంటూ తెలుగిళ్ళను ముంచెత్తుతున్న ఈ లోహంలో వెండి లేదు. రాగి, జింకు, నికెల్ కలిసిన మిశ్రమం అది. చైనావాళ్ళు వాడిన పాక్‌తాంగ్ అనే ఇలాంటి మిశ్రమాన్ని చూసి ఐరోపావాళ్ళు తయారుచేసుకున్నారు. రాగి-నికెల్ కలిపి క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలోనే బాక్ట్రియా యవనరాజులు పాంటలియన్, అగాథోక్లీజ్ నాణేలు కొట్టించారు. నికెల్‌ను విడి మూలకంగా గుర్తించింది మాత్రం 1751లో, స్వీడన్ ఖనిజ శాస్త్రజ్ఞుడు క్రోన్‌స్టెట్. భరిణె చేత్తో ముట్టుకుని వదిలేస్తే పెద్ద ప్రమాదం లేదు. ఆ లోహంతోనే చేసిన జుంకీలు ‘సిల్వర్’ పేరుతో చెవికెక్కితే చిక్కు. ‘వెండేగా, ఏం కాదు’ అని నమ్మి పెట్టుకున్న పిల్ల తమ్మె వాచాక, వెండి కూడా పడదని వాళ్ళమ్మ మూలవాక్యానికి మరో పాదం చేరుస్తుంది.

దీనికంటే చిలకలపూడి ఎంతో నయం. మచిలీపట్నం పక్కనున్న ఆ ఊరి పేరు చెబితే పాండురంగస్వామి ఆలయం, ఆ వెంటనే గిల్టు నగలు గుర్తొస్తాయి. పోతేపల్లిలో ఆ పరిశ్రమకు ప్రత్యేకంగా ఒక పార్కే ఉంది. చిలకలపూడి సరుకు తన పేరుతో తాను బతికింది. గిల్టు అని చెప్పి గిల్టు అమ్మింది. దాన్ని పెట్టుకుని పెళ్ళిళ్ళకు వెళ్ళి, ఫొటోల్లో బంగారమనిపించి, ఇంటికొచ్చి ‘మాకు గిల్టు పడదు’ అనడం మాత్రం కృతఘ్నత. వ్యాఖ్యాత ఈ మాట పక్షపాతంతోనే అంటున్నాడు.

పాఠాంతరం: ఉత్తరదేశపు ప్రతుల్లో మూలవాక్యం వేరుగా ఉంది. వైశాలి మెట్రో దగ్గరి కొట్లలోను, సదర్ బజార్ టోకు దుకాణాల్లోను వినిపించే ఆ పాఠం ఇది: “మేడమ్, యే తో యాంటీ ఎలర్జిక్ హై.” దుద్దులు గుచ్చిన అట్టముక్క మీద ఇదే మాట ‘హైపోఅలర్జెనిక్’ అని అచ్చులో ఉంటుంది. ఆ పదానికి కట్టుబడిన కొలత ఏదీ లేదు. సౌందర్య సాధనాల మీద ఆ మాట వాడాలంటే పరీక్ష చేసి నిరూపించాలని అమెరికా ఎఫ్.డి.ఎ. 1975లో నియమం తెచ్చింది. ఆల్మే, క్లినీక్ అనే సౌందర్య సాధనాల తయారీదారులు కోర్టుకెళ్ళారు. 1977లో అప్పీలు కోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. అమెరికాలోనే రుజువు అక్కర్లేని మాటకు వైశాలి అట్టముక్క మీద రుజువుంటుందా? రెండు పాఠాల్లో ఏది మేలంటే, అమ్మ చెప్పేదాంట్లో కనీసం పుండు నిజం.

శంక: మరి పడనివాళ్ళు ఏం చేయాలి?

సమాధానం: ముందు అది నికెలేనా అని తేల్చుకోవాలి. వీపు మీద పట్టీలంటించి చూసే ప్యాచ్ టెస్టుకు 1895లో యాడాసోన్ అనే జర్మన్ వైద్యుడు దారి వేశాడు. నికెల్ సల్ఫేట్‌తో సహా రకరకాల పదార్థాలను పెట్టి, రెండు రోజులకు తీసి ఒకసారి, మరో రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. కాబట్టి ఘాజియాబాద్ జూన్ మంచి ముహూర్తం కాదు. నగలో నికెల్ ఉందో లేదో చూడటానికి ఇంకో దారి ఉంది. డైమెథైల్‌గ్లయాక్సిమ్ ద్రావణంలో అమ్మోనియా కలిపి, దూదిపుల్లకు తడిపి నగ మీద రుద్దితే, నికెల్ వదులుతుంటే పుల్ల గులాబీరంగుకు తిరుగుతుంది. టైటానియం కాడలు సురక్షితం. 22 క్యారెట్ల పసుపు బంగారంలో కలిపేది సాధారణంగా రాగి, వెండి. తెల్లబంగారంలో నికెల్ ఉండవచ్చు, అడిగి కొనాలి. కాడకు రంగులేని గోళ్ళరంగు పూయడం నాలుగు రోజుల ఉపాయం, అరిగిపోగానే మొదటికొస్తుంది.

నగ మార్చినా మెడ మీద దురద తగ్గలేదంటే గొలుసుకు వేలాడుతున్న పిన్నీసుల గుత్తిని చూడండి. తాళి అచ్చమైన బంగారం, గొలుసు హాల్‌మార్క్, దానికి తగిలించిన నాలుగు పిన్నీసులు నికెల్ పూత ఇనుము! ఈ సూక్ష్మం ఏ వ్యాఖ్యాతా ఇంతవరకు గుర్తించినట్టు లేదు. జీన్స్ గుండీ తగిలేచోట బొడ్డు కింద, వాచీ పట్టీ కింద మణికట్టు మీద మచ్చ పడితే ముద్దాయి ఆ గుండీ, ఆ పట్టీయే.

మందుల కొట్లో ఇచ్చే ట్యూబు మాట కూడా చెప్పాలి. దురద అనగానే స్టెరాయిడు, తామర మందు, యాంటీబయాటిక్ కలిపిన క్రీము చేతిలో పెడతారు. చీటీ లేకుండా స్టెరాయిడ్ పూతలు అమ్మకూడదని 2018లో కేంద్రం నియమం బిగించింది. అయినా అమ్ముతూనే ఉన్నారు. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది, తెల్లబడుతుంది, మొదటి జబ్బు ఏదో డాక్టరుకే తెలియకుండా పోతుంది. “కొన్నాళ్ళు ఓర్చుకో, అలవాటవుతుంది” అనే పెద్దల మాట ఇంకా ప్రమాదం. ఓర్చుకున్న కొద్దీ పుండు పెరుగుతుంది తప్ప అలవాటు కాదు. అత్తగారిచ్చిన గొలుసు తీస్తే ఏమనుకుంటారోనని మెడ కమిలినా ఉంచుకునే కోడళ్ళు మూలవాక్యంలో ఎక్కడా కనిపించరు. వాళ్ళ పుండుకు గౌరవం లేదు. అది పొగరు కింద జమ.

డెన్మార్క్ నికెల్ అలర్జీని ఒంటి సంగతిగా కాక సరుకు సంగతిగా చూసింది. ఒంటిని అంటుకునే వస్తువు ఎంత నికెల్ వదలవచ్చో 1990 ప్రాంతంలో హద్దు పెట్టింది. 1994లో ఐరోపా సమాఖ్య అంతటికీ నియమం వచ్చింది. చదరపు సెంటీమీటరుకు వారానికి 0.5 మైక్రోగ్రాములు, చెవి రంధ్రంలో పెట్టే కాడలకైతే ఆ తర్వాత పెట్టిన హద్దు 0.2. హద్దు పెట్టాక చెవులు కుట్టించుకున్న డెన్మార్క్ ఆడపిల్లల్లో ఈ అలర్జీ తగ్గిందని అక్కడి పరిశోధనలు తేల్చాయి. ఆ పిల్లలందరి వంశాలూ ఒక్కసారిగా దిగజారి ఉంటాయని మన పేరంటాళ్ళు అనుకోవచ్చు.

మన హాల్‌మార్క్‌లో భారత ప్రమాణాల సంస్థ (బి.ఐ.ఎస్.) గుర్తు, 22కె916 లాంటి స్వచ్ఛత సంఖ్య, హెచ్.యు.ఐ.డి. అనే ఆరక్షరాల గుర్తింపు సంకేతం ఉంటాయి. ఆ ఆరక్షరాలు లేని హాల్‌మార్క్ బంగారు నగ 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మకూడదు. బంగారంలో ఎంత బంగారం ఉందో ఇంత శ్రద్ధగా తేల్చే ముద్ర, మిగతాది ఏమిటో చెప్పదు. గిల్టు దుద్దుకు ఆ ముద్ర కూడా లేదు, అట్టముక్క ఒక్కటే. గిల్టుతోనే పెళ్ళీ పేరంటమూ గడుపుకునే ఇంటి పిల్లకు బంగారం కొనుక్కోమని సలహా చెప్పి చేతులు దులుపుకోలేం. ఆమెకు కావలసింది చెవిలో పెట్టుకోదగిన గిల్టు. భారత ప్రమాణాల సంస్థవారు గిల్టు నగ అట్ట మీద నికెల్ ఎంత వదులుతుందో ఒక్క అంకె అచ్చేయించాలి. పై శ్రావణానికి కొత్త దుద్దులు కొనేవాళ్ళు కొట్లో ఆ అంకె అడగాలి.