అరసెకండు అంకుల్

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఏ ఇంటికి భోజనానికి వెళ్లినా ఈయన మనకన్నా ముందే వచ్చి ఉంటారు. నెత్తిన టెక్సస్ రేంజర్స్ టోపీ, చేతిలో పేపర్ ప్లేటు, ప్లేట్లో గుత్తివంకాయ. పిల్లలు ఆయనకు పెట్టిన పేరు అరసెకండు అంకుల్. గుంటూరులో ఉన్నన్నాళ్లూ క్రికెట్ తప్ప ఇంకో ఆట ఉందని ఒప్పుకోని మనిషి, కొడుకు లిటిల్ లీగ్‌లో చేరిన ఏడాది మతం మారారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, అప్పటినుంచీ అదే వరస.

మాటలు హెచ్‌వన్‌బీతో మొదలవనీ, మోకాళ్ల నొప్పులతో మొదలవనీ, పది నిమిషాల్లో హోమ్ ప్లేట్ దగ్గర తేలతాయి.

"ఆటలన్నిట్లోకీ కష్టమైనదేదో చెప్పండి చూద్దాం!"

మనం నోరు తెరిచేలోపు జవాబూ ఆయనే చెప్పేస్తారు: బేస్‌బాల్ కొట్టడం.

ఆయన అంకెలకు వంక పెట్టలేం. పిచ్చర్ నుంచి ప్లేటుకి 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 95 మైళ్ల బంతి ఆ దూరం దాటడానికి అరసెకండు కూడా పట్టదు, 0.4 సెకండు చాలు. అది ఏ రకం బంతో పోల్చుకోవాలి, కొట్టాలో వదలాలో తేల్చుకోవాలి, బ్యాటు తిప్పాలి. ఆ బ్యాటేమో గుండ్రం, ఎంత లావున్నా 2.61 అంగుళాలు దాటకూడదు. పదిసార్లలో మూడు హిట్లు కొడితే మొనగాడు. 1941లో టెడ్ విలియమ్స్ .406 సగటు సాధించాక అమెరికన్ లీగ్‌లోగానీ నేషనల్ లీగ్‌లోగానీ .400 అందుకున్నవాడే లేడు. ఆటల్లో ఇంతకు మించిన కష్టం లేదన్నదీ ఆ విలియమ్సే. బ్యాటర్ అనకపోతే ఇంకెవరంటారు లెండి!

పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి మైకేల్ జోర్డాన్ వస్తాడు. "బాస్కెట్‌బాల్‌కి దేవుడండీ! 1994లో బర్మింగ్‌హామ్ బేరన్స్‌కి ఆడితే ఎంత కొట్టాడు? .202!" దాంతో బాస్కెట్‌బాల్ పని అయిపోయింది. గోల్ఫా? బంతి కదలకుండా కూర్చుంటుంది. టెన్నిసా? అంత వెడల్పు రాకెట్ ఇస్తే ఎవరైనా కొడతారు. క్రికెట్టా? నాలుగుంపావు అంగుళాల చదును బ్యాటు, అక్కర్లేని బంతిని వదిలేసే సౌకర్యం కూడానూ. బ్రాడ్‌మన్ 99.94 సగటు ఆయన దృష్టిలో క్రికెట్ ఎంత తేలికో చెప్పే సాక్ష్యం.

"డిష్‌వాషర్‌లోంచి గిన్నెలు తియ్యడం ఈయనకి అంతకన్నా కష్టం వదినా," అంటారు వాళ్లావిడ.

సాఫ్ట్‌బాల్ ఆడే ఓ కాలేజీ పిల్ల ఒకసారి నెమ్మదిగా అడిగింది: "2004లో జెన్నీ ఫించ్ 43 అడుగుల నుంచి వేసి ఆల్బర్ట్ పూహోల్స్‌ని స్ట్రైకౌట్ చేసింది కదా అంకుల్, మరి మా బంతి ఇంకా కష్టమేమో?" అంకుల్ ఇంకాస్త పప్పు వేయించుకోవడానికి లేచారు.

నాకైతే ఆ వాదనలోనే తిరకాసు కనిపిస్తుంది. పదిలో ఏడుసార్లు ఓడేది బంతి తగలకే కాదు, తగిలినా పట్టుకోవడానికి మైదానం నిండా మనుషులున్నారు కాబట్టి కూడా. ఓటమే కష్టానికి కొలత అయితే పెనాల్టీ కిక్కుల ముందు నిలబడే గోల్‌కీపర్‌కి ఏం సమాధానం చెబుతాం? పదిలో రెండు ఆపితే వాడు హీరో. జోర్డాన్‌ని బేస్‌బాల్‌లో పరీక్షించారు సరే, విలియమ్స్‌ని తీసుకెళ్లి ఎన్‌బీఏలో ఎవరూ ఆడించలేదే!

ఇంత కష్టాన్ని నెత్తినేసుకున్న అంకుల్ ఒక్క బంతీ కొట్టిన దాఖలా లేదు. బ్యాటింగ్ కేజ్‌లో కొడుకు సంచీ మోస్తారు, డబ్బులు కడతారు, మోచెయ్యి ఎలా పెట్టాలో కేకలేస్తారు. బ్యాటు అందిస్తే మాత్రం భుజం నొప్పంటారు.

ఎప్పుడైనా ఆయన మీ పక్క కుర్చీలో తగిలితే నిరభ్యంతరంగా వాదించండి, సరదా మనిషే. కాకపోతే క్రికెట్ మాట చెయ్యి కడుక్కున్నాకే ఎత్తండి. ముందే ఎత్తారో, స్వీటు మీదాకా రాదు.